ఎడమవైపు సీటు

మా బావ పోయాక గుళ్ళో పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరు గారు చాలాసేపే మాట్లాడారు. బావ క్రమశిక్షణ గురించి చెప్పారు, రైల్వేలో చేసిన సేవ గురించి చెప్పారు, ఆదివారం ఆరాధనకు ఒక్కసారైనా ఆలస్యంగా రాలేదని చెప్పారు. అది నిజమే. ఆలస్యంగా వచ్చేది ఎప్పుడూ పాస్టరు గారే. ఆయన అలా వచ్చినప్పుడల్లా మా బావ గుడి మెట్ల మీద నిలబడి, చేతి గడియారం వంక ఒకసారి, పాస్టరు గారి వంక ఒకసారి చూసి, "రండి రండి, లేటు రాసుకుంటున్నా" అనేవాడు. ఆ సంగతి పాస్టరు గారు దాటేశారు. కారు మాటైతే అసలే ఎత్తలేదు. కారు మాట ఎత్తకుండా మా బావ గురించి చెప్పడమంటే ఉప్పు వెయ్యకుండా పప్పు వండటమే. నాకు ఒళ్ళు మండింది. అక్క పక్కనే ఉంది కాబట్టి నోరు మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు పక్కన ఎవరూ లేరు.

మా బావ రైల్వే గార్డు. తెనాలికీ రేపల్లెకీ మధ్య తిరిగే ప్యాసింజరు బండి చివరి పెట్టెలో నిలబడి, పచ్చజెండా ఊపుతూ, ఉద్యోగమంతా వెనక్కి చూస్తూ గడిపిన మనిషి. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా సరే, ఆయన వీధి గుమ్మంలో నిలబడి ఇటూ అటూ చూసి చెయ్యెత్తితే తప్ప రిక్షా కదలడానికి వీల్లేదు. భోజనాల దగ్గర చివరి విస్తట్లో నెయ్యి పడేదాకా మొదటి విస్తరివాడు ముద్ద కలపకూడదు. ఆకలితో నకనకలాడుతున్న చుట్టాలు ఆయన చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూడటం నేను చాలాసార్లు చూశాను. బస్సెక్కితే డ్రైవరుకు వీపు పెట్టి కూర్చునే సీటు వెతుక్కునేవాడు.

"ముందేముందో అందరూ చూస్తార్రా బామ్మర్దీ. దాటింది సరిగ్గా దాటిందా లేదా అని చూసేవాడు ఒకడుండద్దా?" అనేవాడు.

డ్రైవర్లంటే ఆయనకు చిన్నచూపు. రైలు డ్రైవరైనా, బస్సు డ్రైవరైనా, ఆఖరికి కలెక్టరు గారి జీపు డ్రైవరైనా ఒకటే. "డ్రైవరుదేముందిరా, ముందుకు పోవడమేగా! బండి వాడి చేతిలో ఉంటే, వాడు నా చేతిలో ఉన్నాడు" అని మీసం దువ్వుకునేవాడు. అలాంటి మనిషి కారు కొన్నాడు.

కొన్నాడంటే కావాలని కొనలేదు. మాది బాపట్ల. అక్కను రేపల్లె ఇచ్చాం. నేనేమో తెనాలిలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. ఏటా కోతపండుగకు అందరం బాపట్లలో మా గుడి దగ్గర కలిసేవాళ్ళం. ఆరాధన అయ్యాక, జనం తెచ్చిన కానుకలన్నీ గుడి ఆవరణలో వేలం వేస్తారు. కోళ్ళు, గుమ్మడికాయలు, అరటిగెలలు, వడ్లబస్తాలు. బజారులో వంకాయల దగ్గర గీచిగీచి బేరమాడేవాళ్ళు కూడా ఆ పూట దేవుడి పని కదా అని గుడ్డుకు పెట్ట ఖరీదు పెట్టి పాడుకుంటారు. ఆ ఏడు ప్లీడరమ్మ గారు కారు ఇచ్చారు.

ప్లీడరమ్మ గారంటే ఒకప్పుడు బాపట్లలో పేరుమోసిన ప్లీడరు గారి భార్య. ఆయన పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. ఆయన వయసులో ఉన్నప్పుడు, దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ముచ్చటపడి కొన్న కారది. రెండే సీట్లు. పైన కప్పు లేదు. మూతి మాత్రం బారెడు పొడుగు. పందేల్లో పరిగెత్తే రకమని చెప్పుకునేవారు. మేం చూసేసరికి దానిలో కోళ్ళు పొదుగుతున్నాయి. ఆవిడ కొత్తగా గేదెను కొనుక్కుంటే దాన్ని కట్టెయ్యడానికి కొట్టం కావాల్సి వచ్చింది. కారును దేవుడికిచ్చేశారు.

వేలంలో కారు వంతు ఒక బూడిదగుమ్మడికాయకూ రెండు పెట్టలకూ మధ్య వచ్చింది. జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తాలూకాఫీసు హెడ్డు గుమాస్తా గారు పాతినుము లెక్కన ఓ మాటన్నారు. ఆయన అంతటితో ఆగినా బాగుండేది. మా బావ వైపు తిరిగి, "అల్లుడు గారు కోడిపుంజుతో సరిపెట్టుకుంటారేమోలెండి" అని నవ్వారు.

అత్తవారి ఊళ్ళో, అత్తవారి గుళ్ళో, నలుగురి మధ్య ఆ మాటంటే ఏ అల్లుడు ఊరుకుంటాడు? బావ లేచాడు. గుమాస్తా గారూ లేచారు. పాట మీద పాట. పెద్దలు స్తోత్రాలు చెబుతూ ఇద్దర్నీ ఎగదోశారు. చివరికి గుమాస్తా గారు కండువాతో మొహం తుడుచుకుని మెల్లగా కూర్చున్నారు. బావ మాత్రం కాసేపు అలాగే నిలబడి ఉన్నాడు, ఏం గెలిచాడో అప్పుడే తెలుస్తున్నట్టు.

"ఏం జేసుకుంటారండీ దాన్ని? మీకొచ్చా నడపడం, నాకొచ్చా?" అంది అక్క.

"పాట కొట్టేశాక మాట్లాడకూడదు" అన్నాడు బావ.

మర్నాడు ప్లీడరమ్మ గారింటికి వెళ్ళి మూత ఎత్తి చూస్తే లోపల ఇంజను లేదు. కారుకు ఇంజనుండే చోట ఒక పెట్ట గుడ్ల మీద కూర్చుని మా వంక కోపంగా చూసింది.

"అయ్యో, చెప్పలేదా అల్లుడు గారూ?" అన్నారు ప్లీడరమ్మ గారు. మా బావను ఊరంతా అల్లుడు గారనే పిలిచేది. "ఎప్పుడో పిట్టలవానిపాలెం రైతుకిచ్చేశాంగా. కాలవ గట్టున నీళ్ళు తోడుతోంది. బంగారంలాంటి ఇంజను."

నేనైతే అక్కడే కూలబడేవాణ్ణి. మా బావ మొహంలో ఏ మార్పూ లేదు. "దానికేముందండి. ఇంజను ఎప్పుడైనా చివర్నేగా తగిలించేది" అన్నాడు.

ఆయన సరదాకు అన్నాడనుకున్నాను. కాదు. రైల్వేలో అంతే మరి. పెట్టెలన్నీ కడిగి, సీట్లు తుడిచి, లైట్లు చూసుకుని ప్లాట్‌ఫారం మీద పెడతారు. ఇంజను ఎక్కడి నుంచో తీరిగ్గా వచ్చి తగులుకుంటుంది. ఇంజను రాకపోయినా దాన్ని బండి అనే అంటారు. కారు కూడా అంతేనని మా బావ మనస్ఫూర్తిగా నమ్మాడు. ముందు లోపలి భాగం తయారవ్వాలి, ఇంజను సంగతి ఆనక.

కారును ఎడ్లబండి వెనక కట్టించుకుని బయలుదేరుతుంటే ప్లీడరమ్మ గారు గేటుదాకా వచ్చారు. పొట్టి మనిషి, తెల్లచీర, ఎండకు నుదుటి మీద అడ్డం పెట్టుకున్న చెయ్యి.

"అల్లుడు గారూ, ఒక్క కోరిక. లోపల మునుపెట్లా ఉండేదో అట్లా చేయించండి. చేయించాక నన్నొక్కసారి ఎడంపక్క సీట్లో కూర్చోబెట్టి సూర్యలంక తీసుకెళ్ళండి. సాయంత్రాలు మావారితో సముద్రానికి అట్లాగే వెళ్ళేదాన్ని. పోయేలోగా మళ్ళీ ఒక్కసారి వెళ్ళాలనుంది."

"అట్లాగేనండి. మాటంటే మాటే" అన్నాడు బావ. మా బావ మాటంటే టైంటేబులు. అచ్చయ్యాక ఇక మార్పుండదు.

అప్పటినుంచి ఆయన నోట ఒకటే మాట. ఒరిజినలు. కాఫీ తాగుతూ ఒరిజినలు, జెండా చుడుతూ ఒరిజినలు. "అసలెట్లా ఉండేదో అట్లా. ఒక్క మేకు తేడా రాకూడదు" అని టిక్కెట్ కలెక్టరు నుంచి టీ కొట్టువాడిదాకా అందరికీ చెప్పాడు. రేపల్లెలో కారు పెరట్లో నిలబడింది. ఇంజనుండాల్సిన చోట గాలి ఆడుతోంది, నీడగా ఉందని అక్క ఉల్లిపాయలు పోసుకుంది. బావకు అభ్యంతరం లేకపోయింది. ఆయన దృష్టిలో అది బండికి సంబంధించిన భాగం కాదు.

అసలెట్లా ఉండేదో చెప్పగలిగింది ప్లీడరమ్మ గారొక్కరే. సెలవు దొరికితే చాలు, రేపల్లెలో బండెక్కి, తెనాలిలో మారి, బాపట్ల వెళ్ళి ఆవిడ వరండాలో కూర్చునేవాడు. నన్నూ తెనాలిలో ఎక్కించుకునేవాడు, సాక్ష్యానికి. ఆవిడ కళ్ళు సగం మూసుకుని చెప్పేవారు. డ్రైవరు పక్క గురించి అడిగితే "ఏమో బాబూ, స్టీరింగుంటుందిగా" అని ఊరుకునేవారు. ఎడంపక్క గురించైతే చెప్పిందే చెప్పి మురిసిపోయేవారు. తోలు సీటు, మందారప్పువ్వు ఎరుపు. కుదుపుకు పట్టుకోవడానికి తోలుపట్టీ. ఎదురుగా అరచేతి ప్రమాణం అద్దం. అద్దం పక్కన పువ్వులు పెట్టుకునే చిన్న ఇత్తడి గొట్టం. తలుపుకు లోపలివైపు చేతిరుమాలు పెట్టుకునే సంచి. కాళ్ళందవు కాబట్టి కింద చిన్న పీట.

"దొరలు ఎంత ఆలోచించి కట్టార్రా!" అని మా బావ రైల్లో నా తొడ మీద చరిచేవాడు. నిజానికి ఆ పట్టీకి, అద్దానికి మేకుల గుర్తులు ఎక్కడున్నాయా అని డ్యాష్‌బోర్డంతా తడిమి చూశాడట. ఒక్కటీ కనపడలేదు. "చెద తిని పూడిపోయుంటాయి" అని సర్దిచెప్పుకున్నాడు. చెద తింటే కన్నం పెద్దదవుతుంది గాని పూడదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఆవిడ చెప్పింది ఒరిజినలు, అంతే.

సీట్లు చేసే మేస్త్రి తెనాలిలో ఉండేవాడు. బోసు రోడ్డు పక్క సందులో షెడ్డు. కారు సీట్లు రెండూ విప్పించి బావ అక్కడికి చేర్చాడు. సినిమా హాలు కుర్చీల నుంచి పెళ్ళివారి దిండ్లదాకా అన్నీ కుట్టేవాడు. పనిమంతుడేగాని నోరు పెద్దది. మదరాసులో సినిమావాళ్ళ కార్లన్నీ తన చేతిమీదే నడిచాయనేవాడు. ఏ సీటు కుట్టినా వెనకవైపు నెమలిని కుట్టకపోతే వాడికి నిద్రపట్టదు. మొదటిసారి కుడిపక్క సీటును నీలం రెక్సినుతో కుట్టి, నడుమ పురివిప్పిన నెమలిని దించాడు.

"ఈ పక్షేంటయ్యా?" అన్నాడు బావ.

"పని బాగుందనడానికి గుర్తండి."

"దొరల కారులో నెమలుంటుందా?"

"దొరలకు కుట్టడం రాదు గదండీ" అన్నాడు మేస్త్రి.

బావ నిలబెట్టి విప్పించాడు. మేస్త్రి నొచ్చుకుని, పోనీ తెలిసినవాళ్ళ దగ్గర రైల్వే పెట్టెల రెక్సిను దొరుకుతుంది, దాంతో చేద్దామండి అన్నాడు. ఎవరి ముందు ఏం మాట్లాడుతున్నాడో వాడికి తెలియదు. మా బావ ఆ షెడ్డులో రైల్వే ఆస్తి గురించి ఇచ్చిన ఉపన్యాసం సందు చివరిదాకా వినపడింది. మేస్త్రి తోలు తెప్పించడానికి ఒప్పుకున్నాడు.

ఇక రంగు. మందారం ఎరుపంటే ఏ ఎరుపు? ప్లీడరమ్మ గారి పెరట్లో చెట్టే ఉంది కదా అని, బావ పువ్వును కోసి టిఫిన్ క్యారియర్ గిన్నెలో తడిగుడ్డ మీద పెట్టి తెనాలి తెచ్చాడు. మేస్త్రి దగ్గర మూత తీసేసరికి అది నల్లగా ముడుచుకుపోయి ఉంది. "ఇదే రంగంటారా?" అన్నాడు మేస్త్రి. మళ్ళీ వారం మొగ్గ తెచ్చాడు, అది బండిలో విచ్చుకోలేదు. ఆఖరికి చెట్టు కొమ్మనే కుండీలో నాటుకుని, కుండీ ఒళ్ళో పెట్టుకుని ప్రయాణం చేశాడు. అది పూసేదాకా మేస్త్రి షెడ్డులోనే ఉంది. తోలు రంగు కలిసిన రోజున బావ మొహం చూడాలి, ఆడపిల్లకు సంబంధం కుదిరినంత వెలిగింది.

రంగైతే సరిపోయింది, మరి లోపల నింపేదేంటి? గుర్రపు వెంట్రుకలతో నింపిన సీట్లని ప్లీడరు గారు గొప్పగా చెప్పేవారట. మేస్త్రి బూరుగు దూది అన్నాడు, కొబ్బరి పీచు అన్నాడు. బావ వినలేదు. అప్పటికి తెనాలి స్టేషను బయట జట్కాలు ఇంకా ఒకటీ అరా మిగిలున్నాయి. బావ యూనిఫాంలోనే వెళ్ళి ఒక జట్కా సాయిబు ముందు నిలబడ్డాడు.

"నీ గుర్రం తోక వెంట్రుకలు కావాలయ్యా."

సాయిబు గుర్రం వంక చూశాడు, బావ వంక చూశాడు. "గుండు మొక్కు మొక్కారాండి? అయితే మీది తీయించుకోండి. నా గుర్రమేం పాపం చేసిందండి?"

"ఊరికే వద్దులే. దువ్వినప్పుడు రాలిందివ్వు."

"దీనికి తిండి సరిగ్గా లేక ఈగల్ని తోలుకోవడానికే తోక చాలట్లేదండి. ఉన్నది కూడా మీకిచ్చి దాని పరువు తీయమంటారా?"

పక్కన జట్కావాళ్ళంతా పోగయ్యారు. గార్డు గారికి పిచ్చెక్కిందని ప్లాట్‌ఫారందాకా పాకింది. అయినా సాయిబు మంచివాడు. దువ్వినప్పుడు రాలినవి ఒక గోనెసంచిలో వేసి పెట్టేవాడు, బావ వచ్చినప్పుడల్లా ఇచ్చేవాడు. అది నిండేసరికి గుర్రం ముసలిదైపోయింది, మా బావ రిటైరయ్యాడు. మేస్త్రి ఆ వెంట్రుకల్లో సగానికి సగం కొబ్బరి పీచు కలిపాడని నా అనుమానం. బావకు చెప్పలేదు.

కుడిపక్క సీటు ముందు అయింది. అసలైంది ఎడంపక్కది కాబట్టి దాన్ని ఆఖరుకు ఉంచారు. దాని మీద ఎప్పుడో తొడిగిన నల్ల రెక్సిను చిరుగులు పడి ఉంది. మేస్త్రి దాన్ని ఊడదీసే రోజున బావ, నేను అక్కడే ఉన్నాం. రెక్సిను కింద ఇంకో పొర కనపడింది. పాతకాలపు తోలు, మేకులతో సహా చట్రానికి పట్టుకుని ఉంది. ముదురు పచ్చ రంగు.

బావ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పచ్చ పచ్చగానే ఉంది.

"ఇదేనండి ఒరిజినలు" అన్నాడు మేస్త్రి, బావ మాటే ఆయనకు అప్పజెబుతూ. అంతటితో ఊరుకోలేదు. తోలు మీద అడ్డంగా గీరుకుపోయిన చారలు చూపించాడు. అంచున నమిలిన గుర్తులు చూపించాడు. కుట్ల సందుల్లో పొట్టి గోధుమరంగు బొచ్చు ఇరుక్కుని ఉంది. చట్రానికి పక్కన గొలుసు తగిలించే ఇనప కొక్కెం ఉంది. "అయ్యగారండి, ఈ సీట్లో ఆడమనిషి కూర్చోలేదండి. కుక్క కూర్చుంది."

నేను చాలా ఏళ్ళుగా మా బావను ఆటపట్టించే అవకాశం కోసం కాచుకుని ఉన్నవాణ్ణి. అంత మంచి అవకాశం మళ్ళీ రాదు. కాని ఆయన మొహం చూశాక నాకు మనసొప్పలేదు. ఊరూవాడా ఒరిజినలని చాటుకున్న మనిషి. మందారం, అద్దం, పట్టీ, పీట, అన్నీ అబద్ధమా? ఆవిడకిచ్చిన మాట సంగతేంటి? బావ ఆ పచ్చతోలు ముక్కను కాగితంలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "పదరా బాపట్ల" అన్నాడు.

ప్లీడరమ్మ గారు వరండాలోనే ఉన్నారు. ఆ మధ్య జ్వరపడి లేచారు, మనిషి సగమైపోయారు. బావ పొట్లం విప్పి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ తోలు మీద ఆ గీతల్ని వేలితో తడిమారు. తర్వాత తల ఎత్తకుండానే మాట్లాడారు.

"రాజుగాడి గోళ్ళివి" అన్నారు. "మావారి కుక్క. రోజూ సాయంత్రం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సముద్రానికి పోయేవారు. వాడు నాకంటే ఎక్కువసార్లు సముద్రం చూశాడు బాబూ."

"మీరు?" అన్నాను నేను.

"కప్పులేని కార్లో ఆడవాళ్ళేంటి, నలుగురూ చూస్తారు అనేవారు. ఒక్కసారీ ఎక్కించుకోలేదు. నేను ఇదిగో, ఈ స్తంభం పట్టుకుని నిలబడేదాన్ని. నన్నెక్కించుకుంటే సీటు ఏ రంగుండాలి, మొహం చూసుకోవడానికి అద్దమెక్కడుండాలి, నాకు కాళ్ళందవుగా, కింద పీటెంత ఎత్తుండాలి అని అనుకుంటూ నిలబడేదాన్ని. అనుకుని అనుకుని, అవన్నీ ఉన్నట్టే అయిపోయినయ్యి. మీరొచ్చి అడిగితే అబద్ధం చెబుతున్నానని నాకే తెలియలేదు, అల్లుడు గారూ."

తోలుముక్కను తిరిగి కాగితంలో చుట్టి బావకిచ్చారు. "పచ్చదే వేయించండి. మీకు ఒరిజినలు ముఖ్యం. నన్ను తీసుకెళ్ళక్కర్లేదులెండి."

బావ గడియారం చూసుకున్నాడు. "బండి టైమైందండి" అని లేచాడు. ఆవిడకు వందనాలు కూడా చెప్పలేదు. నాకు బావ మీద కోపమొచ్చింది. ఇంత రూలు మనిషేంటి, ముసలావిడతో ఒక్క మంచి మాట అనలేడా అనుకున్నాను. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నాక, ఉండబట్టలేక అడిగేశాను.

"ఏం చేస్తావు బావా? పచ్చతోలేనా?"

"పచ్చతోలెందుకు?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు. "ఆ సీటు మొదట్నుంచీ ఆవిడ పేరున రిజర్వయిందిరా. మధ్యలో కుక్క టిక్కెట్టు లేకుండా కూర్చుంది. అంతే. టిక్కెట్టు లేనివాడు కూర్చున్నాడని సీటు వాడిదైపోతుందా?"

పచ్చతోలు పొట్లాన్ని బెంచీ పక్కనున్న చెత్తడబ్బాలో పడేశాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆయనంటే ఎంతో ఇష్టం కలిగింది. అది చెప్పలేదు. బామ్మర్దులు బావలతో అలాంటివి చెప్పరు.

ఆ తర్వాత ఆయన తొందర చూడాలి. ఆవిడ ఆరోగ్యం అంతంతమాత్రం. మేస్త్రి షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఎడంపక్క సీటును పూర్తి చేయించాడు. రేపల్లెలో కారుకు పట్టీ పడింది, అద్దం పడింది, కంచరి దగ్గర ఇత్తడి గొట్టం చేయించి బిగించాడు. మేస్త్రి ఒక్క నెమలి కోసం బతిమాలుకున్నాడు. సీటు అడుగున, ఎవరికీ కనపడనిచోట కుట్టుకోమన్నాడు బావ. వాడు నిజంగానే కుట్టాడు.

మిగిలింది ఇంజను. పిట్టలవానిపాలెం వెళ్ళాం. కాలవ గట్టున తాటాకుల పందిరి కింద ఆ పందేల ఇంజను మసిగొట్టుకుపోయి, చేలోకి నీళ్ళు కక్కుతోంది. రైతు వినయంగా చేతులు కట్టుకున్నాడు. "నాట్లు పడుతున్నయ్యండి. ఇప్పుడది కదిలితే నా చేను ఎండిపోద్దండి. కావాలంటే ట్రాక్టరిస్తా, తాడు కట్టి లాక్కెళ్ళండి."

"లాగేదేదైనా ఇంజనే" అన్నాడు బావ, ఏమాత్రం తడుముకోకుండా.

అక్క తన ఉల్లిపాయలు ఎత్తుకుని, ఆ కారును లారీ ఎక్కించి బాపట్ల సాగనంపింది. అనుకున్న సాయంత్రం ప్లీడరమ్మ గారింటి ముందు ట్రాక్టరు, దాని వెనక మోకు, మోకు వెనక ఎర్ర సీట్ల కారు. నేను ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్నాను. అప్పుడొక చిక్కు వచ్చింది. కారుకు రెండే సీట్లు. ఒకటి ఆవిడది. రెండోదాంట్లో కూర్చుని ఎవరో ఒకరు స్టీరింగు పట్టుకోవాలి.

మా బావ కుడిపక్క తలుపు తీసుకుని లోపలికి ఎక్కాడు. జీవితంలో మొదటిసారి బండికి ముందువైపు కూర్చున్నాడు. చెయ్యెత్తి ఊపాడు. ట్రాక్టరు దడదడలాడుతూ కదిలింది.

పాత అలవాటు ఎక్కడికి పోతుంది? బయలుదేరగానే ఆయన తల వెనక్కి తిప్పాడు, అంతా సరిగ్గా దాటిందా లేదా అని. కారు పక్కకు ఈడ్చుకుపోయి గడ్డివాముకు రాసుకుంది.

"ముందు చూడండి అల్లుడు గారూ" అన్నారు ప్లీడరమ్మ గారు.

ఆయన ముందుకే చూశాడు, దారంతా. మోకు బిగిసి కారు కుదిపినప్పుడల్లా ఆవిడ పట్టీ పట్టుకున్నారు. కాళ్ళు పీట మీద తన్నిపెట్టుకున్నారు. ట్రాక్టరు పొగంతా వెనక్కే కొట్టేసరికి తెల్లచీర, మొహం నల్లబడ్డాయి. ఆవిడ అద్దంలో చూసుకుని, తలుపు సంచిలోంచి చేతిరుమాలు తీసి బుగ్గలు తుడుచుకుని, మళ్ళీ చూసుకున్నారు. ఇత్తడి గొట్టంలో మందారం గాలికి ఊగింది. దారిలో జనం నిలబడి మరీ చూశారు. నలుగురూ చూస్తున్నారని ఆవిడకు తెలుసు. తలవంచలేదు. నేను మడ్‌గార్డు మీంచి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఆ పక్కన మా బావ స్టీరింగును పిల్లాడు పండుగ బొమ్మను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, చెమటలు కక్కుతూ, కళ్ళార్పకుండా కూర్చున్నాడు. అంత భయపడటం, అంత సంతోషంగా ఉండటం ఆయనలో అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

సూర్యలంకలో ఇసుక మొదలయ్యేచోట ట్రాక్టరు ఆగింది. ఎదురుగా సముద్రం. ఆవిడ దిగలేదు. దిగమని మేమూ అనలేదు. పల్లీలమ్మే ముసలాయన ఒకడు బుట్టతో దగ్గరికొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇది ప్లీడరు గారి కారు గదండీ? ఆ రోజుల్లో రోజూ వచ్చేదండి ఇక్కడికి" అన్నాడు.

మా బావ నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో నాకు తెలుసు. రేపల్లె నుంచి బాపట్లదాకా అందరికీ చెప్పిందే. ఈలోగా ఆవిడే జవాబిచ్చారు.

"కాదు నాయనా. ఆయనది పచ్చ సీట్లది. ఇది నాది."

ముసలాయన దగ్గర ఒక పొట్లం తీసుకుని, విప్పి, మా బావ చేతిలో పిడికెడు పల్లీలు పోశారు.